దెబ్బలు తిన్న మనిషి ముద్దాయి అయినప్పుడు

ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న భార్య ఒక రాత్రి భర్తను చంపితే, చట్టం దృష్టిలో ఆమె ముందు ముద్దాయి, ఆ తర్వాతే బాధితురాలు. ఆమె పడ్డ హింస ఏ దశలో, ఏ రూపంలో న్యాయస్థానం ముందుకు వచ్చిందన్న దాన్ని బట్టి ఫలితం యావజ్జీవ ఖైదు నుంచి నిర్దోషిగా విడుదల దాకా ఎక్కడైనా తేలవచ్చు. కుటుంబాలు మామూలుగా చేసేది ఒక్కటే: తీర్పు రోజున చేతులు జోడించి, చిన్న పిల్లలున్నారు, దయ చూపండి అని వేడుకోవడం. హత్య రుజువయ్యాక దయ చూపడానికి జడ్జి చేతిలో దాదాపు ఏమీ మిగలదు. భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ ప్రకారం హత్యకు శిక్షలు రెండే, మరణశిక్ష లేదా యావజ్జీవం. అంతకంటే తక్కువ వేసే అధికారం ఆయనకు లేదు. అందుకే ఈ కేసుల్లో కనికరం కోసం పోరాడాల్సింది శిక్ష దగ్గర కాదు, నేరానికి ఏ పేరు పెడతారన్న దగ్గర. ఆ పని అరెస్టయిన రోజే మొదలవుతుంది.

నేరానికి పెట్టే పేరు

న్యాయ సంహిత 101వ సెక్షన్ హత్య అంటే ఏమిటో చెప్పి, వెంటనే ఐదు మినహాయింపులు ఇస్తుంది. వాటిలో ఒకటి నిలబడితే కేసు 105వ సెక్షన్‌లోకి, అంటే హత్య కిందకు రాని శిక్షార్హమైన నరహత్యలోకి దిగుతుంది. అక్కడ లెక్క మారిపోతుంది. చంపాలన్న ఉద్దేశం ఉన్నదని తేలితే యావజ్జీవం గానీ, ఐదు నుంచి పదేళ్ల ఖైదు గానీ వేయవచ్చు. ఉద్దేశం లేదు, ప్రాణం పోవచ్చన్న ఎరుక మాత్రమే ఉందని తేలితే గరిష్ఠం పదేళ్లు, కనిష్ఠం ఇంతని లేదు. 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటనలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అందులో ఇవే 302, 304 సెక్షన్లు. ఊళ్లో ఇప్పటికీ అందరి నోటా నడిచేవి ఆ అంకెలే.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆత్మరక్షణ. న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు దీని గురించే. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో సహేతుకంగా భయపడే పరిస్థితిలో దాడిచేసిన వాణ్ణి చంపినా అది నేరమే కాదని 38వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ అడిగేది తగ్గింపు కాదు, విడుదల. తనను తాను కాపాడుకోబోయి అవసరానికి మించి కొట్టినా, ఆ పని సద్బుద్ధితో, పథకం లేకుండా జరిగి ఉంటే 101లోని రెండో మినహాయింపు వర్తిస్తుంది. దీన్ని రుజువు చేయాల్సిన బాధ్యత ముద్దాయిదే. అయితే సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు. ప్రాసిక్యూషన్ సాక్షుల మాటల్లోంచే ఆ సంగతి బయటికి లాగవచ్చు కూడా.

ఆయుధం చాలా చెబుతుంది. వంటింట్లో కూరలు తరుగుతుండగా జుట్టు పట్టి ఈడ్చినప్పుడు చేతికందిన కత్తిపీట ఒక రకం కేసు. సాయంత్రం బంకుకు వెళ్లి సీసాలో పెట్రోలు పట్టించుకుని వచ్చి, అతను నిద్రపోయేదాకా ఆగడం పూర్తిగా వేరే కేసు. మొదటిదానిలో వకీలు పని తేలిక. రెండోదానిలోనే అసలు చిక్కంతా. దెబ్బలు తినే ఆడమనిషి మెలకువగా ఉన్న మగవాడితో ముఖాముఖి తలపడలేదు కాబట్టే నిద్రలోనో, తాగిన మత్తులోనో ఉన్నప్పుడు తిరగబడుతుంది. చట్టం మాత్రం మొదటి మినహాయింపులో తీవ్రమైన, హఠాత్తుగా వచ్చిన రెచ్చగొట్టడాన్నే గుర్తిస్తుంది. తిట్టుకు తిట్టు, దెబ్బకు దెబ్బ తీర్చుకోగల ఇద్దరు మగవాళ్ల కొట్లాటను మనసులో పెట్టుకుని రాసిన మాట అది.

ఆ ఇరుకు సందును న్యాయస్థానాలు కొద్దికొద్దిగా వెడల్పు చేశాయి. 1961లో నౌకాదళ కమాండరు నానావతి ముద్దాయిగా ఉన్న హత్య కేసులో సుప్రీంకోర్టు, మృతుడి పూర్వపు చేష్టలు ముద్దాయి మనసులో సృష్టించిన నేపథ్యాన్ని కూడా పరిగణించవచ్చని చెప్పింది. కోపం చల్లారాక, ఆలోచించుకునే వ్యవధి దొరికాక వేసిన దెబ్బకు మాత్రం మినహాయింపు లేదని అదే తీర్పులో గీత గీసింది. 1989లో మద్రాసు హైకోర్టు సుయంబుక్కని కేసులో ఇంకో అడుగు వేసింది. పిల్లలతో సహా బావిలో దూకి తాను బతికి బయటపడ్డ తల్లి విషయంలో, ఏళ్ల తరబడి సాగిన రెచ్చగొట్టడాన్ని కూడా మినహాయింపుగా చూడవచ్చని, చట్టంలో ఉన్న మినహాయింపులతోనే తలుపు మూసుకుపోలేదని అభిప్రాయపడింది. 2013లో గువాహటి హైకోర్టు మంజు లాక్రా కేసులో ఈ దారినే నడిచింది. రోజూ తాగొచ్చి కొట్టే భర్త చేతిలోని కర్రను లాక్కుని అతన్నే కొట్టి చంపిన మహిళ నేరాన్ని హత్య నుంచి శిక్షార్హమైన నరహత్యకు మార్చి శిక్ష తగ్గించింది. ఈ రెండు హైకోర్టు తీర్పులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సెషన్స్ కోర్టులను కట్టిపడేయవు, ఒప్పించడానికి మాత్రం పనికొస్తాయి. లీగల్ ఎయిడ్ వకీలుకు వీటి సంగతి తెలియకపోతే కుటుంబమే గుర్తుచేయడంలో తప్పులేదు.

బ్రిటన్‌లో జరిగిన ఒక కేసు ఈ అధ్యాయానికి బాగా పనికొస్తుంది. పంజాబ్‌కు చెందిన కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేళ్ల హింస తర్వాత, 1989 మేలో, నిద్రపోతున్న భర్త మీద పెట్రోలు పోసి నిప్పంటించింది. కొద్ది రోజులకు అతను చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆమెకు హత్యానేరం కింద యావజ్జీవం పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంఘం కేసును చేపట్టింది. 1992 జూలైలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసి మళ్లీ విచారణకు ఆదేశించింది. సెప్టెంబరులో ఆమె హత్య కాని నరహత్య నేరాన్ని అంగీకరించగా, అప్పటికే జైల్లో గడిపిన మూడేళ్ల నాలుగు నెలలనే శిక్షగా లెక్కేసి వదిలేశారు. బయట పోస్టర్లు, ఊరేగింపులు చాలా జరిగాయి గానీ అప్పీలు కోర్టును కదిలించింది అవి కాదు. రెచ్చగొట్టడం గురించిన వాదనను ఆ కోర్టు ఒప్పుకోలేదు. ఆమె తీవ్రమైన కుంగుబాటులో ఉందని చెప్పే వైద్య సాక్ష్యం మొదటి విచారణలో సరిగా ముందుకు రాలేదన్న ఒక్క కారణం మీదే తీర్పు తిరగబడింది. అప్పటికే ఉన్న ఒక డాక్టరు నివేదికను ఎవరూ పట్టించుకోకపోవడానికి ఆమె చెల్లించిన మూల్యం మూడేళ్లు.

ఈ దారిని ఇక్కడ యథాతథంగా తొక్కడం కుదరదు. మానసిక స్థితి బాగోలేనందువల్ల హత్యను నరహత్యకు తగ్గించే ఏర్పాటు బ్రిటిష్ చట్టంలో ఉంది, మనకు లేదు. న్యాయ సంహిత 22వ సెక్షన్ కింద మతి పూర్తిగా తప్పి, చేస్తున్నదేమిటో తెలియని స్థితికే రక్షణ. కుంగుబాటు, నిద్రలేమి, నిరంతర భయం ఆ స్థాయికి చేరవు. అయినా మానసిక వైద్యుడి నివేదిక వృథా కాదు. అంత భయం ఎందుకు సహేతుకమో, చిన్న మాటకే ఆమె ఎందుకు అదుపు తప్పిందో జడ్జికి అర్థమయ్యేలా చెప్పగలిగేది అదే.

మొదటి రోజులు

చాలామంది మహిళలు ఘటన జరిగిన వెంటనే తామే స్టేషనుకు నడిచి వెళ్తారు. అక్కడ పోలీసులకు చెప్పిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదు. కానీ ఆ మాటల ఆధారంగా దొరికిన ఆయుధం చెల్లుతుంది. ఊరి సర్పంచ్‌కో, వీఆర్వోకో, పక్కింటివాళ్లకో చెప్పిన మాటను కూడా సాక్ష్యంగా పెట్టవచ్చు. కాబట్టి వకీలు వచ్చేదాకా ఎవరితోనూ వివరాలు మాట్లాడకపోవడం మంచిది. టీవీ విలేకరి మైకు ముందు తమ్ముడో చెల్లెలో ఆవేశంగా అన్న మాట, వాడికి తగిన శాస్తే జరిగిందన్న ఒక్క వాక్యం, తర్వాత కేసులో ముల్లులా గుచ్చుకుంటుంది.

అరెస్టయిన వ్యక్తికి వైద్య పరీక్ష చేయించి, ఒంటిమీది గాయాలను, అవి ఎప్పటివో సహా నమోదు చేయాలని, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ చెబుతుంది. మహిళను మహిళా డాక్టరు పరీక్షించాలి. ఈ కేసుల్లో ఇంతకంటే విలువైన కాగితం మరొకటి ఉండదు. వీపు మీది వాతలు వారంలో మానిపోతాయి. మోచేతి దగ్గర ఎముక విరిగిన పాత గుర్తు, చెవి వెనక కాలిన మచ్చ, ఊడిన పన్ను మాత్రం మిగులుతాయి. ఆత్మరక్షణ వాదన ఉన్నచోట చేతులమీది తాజా గాయాలు నమోదు కాకపోతే, అసలు పెనుగులాటే జరగలేదని ప్రాసిక్యూషన్ అంటుంది. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరిచినప్పుడు గాయాల సంగతి నోరు తెరిచి చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి.

వకీలు ఖర్చుకు పొలం అమ్మాల్సిన పనిలేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. ఉచిత వకీలంటే నాసిరకం అన్న అపనమ్మకం ఊళ్లలో బలంగా ఉంది. నిజానికి హత్య కేసులు నడపని ప్రైవేటు వకీలు కంటే సెషన్స్ కోర్టులో రోజూ నిలబడే లీగల్ ఎయిడ్ వకీలే మేలు కావచ్చు. బెయిలు విషయంలో మహిళ అన్న కారణాన్ని చట్టమే ప్రత్యేకంగా గుర్తిస్తుంది. ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితో జైల్లో ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది.

చరిత్రను రుజువుగా మార్చడం

‘ఎప్పుడూ కొట్టేవాడండీ’ అన్న మాటకు కోర్టులో బరువు లేదు. జడ్జి రోజూ వినే మాట అది. ‘నిరుడు సంక్రాంతికి రెండ్రోజుల ముందు రోకలితో కొడితే ఎడమ చేయి విరిగింది, ఏరియా ఆసుపత్రిలో పిండికట్టు వేశారు, మెట్ల మీంచి పడ్డానని చెప్పమన్నాడు, ఓపీ చీటీ ఇదిగో, ఆ పూట ఆటోలో తీసుకెళ్లింది ఎదురింటి పెద్దమ్మ’ అన్నదానికి బరువుంది. ఇందులో తేదీ ఉంది, గాయం ఉంది, కాగితం ఉంది, సాక్షి ఉంది. ములాఖత్‌లో, తొందరపెట్టకుండా, ఇలాంటి సంఘటనలు ఒక్కొక్కటిగా గుర్తుచేసి తేదీల వరుసలో రాసుకోవాలి. దెబ్బలు తిన్న మనిషికి తేదీలు గుర్తుండవు. పండుగలు, కాన్పులు, పిల్లల పరీక్షలు, పంట కోతలు గుర్తుంటాయి. వాటిని పట్టుకుని తేదీలు రాబట్టవచ్చు.

కాగితాలు ఎక్కడెక్కడ ఉంటాయో ముందు ఆలోచించాలి. ఆసుపత్రి ఓపీ చీటీలు, మెడికో లీగల్ రిజిస్టరు. 100కో, 112కో, 181కో చేసిన ఫోన్లు. స్టేషనులో ఇచ్చి, కౌన్సెలింగ్ చేసి పంపేసిన ఫిర్యాదు. సఖి కేంద్రం ఫైలు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారి రాసిన నివేదిక. పెద్దమనుషుల పంచాయితీలో ఇకమీదట కొట్టనని అతను సంతకం పెట్టిన తెల్లకాగితం కూడా ఇప్పుడు బంగారమే. కాగితాలన్నీ పుట్టింటివాళ్ల దగ్గరే ఉంటాయని కాదు, సాక్షులూ వాళ్లే కానక్కర్లేదు. పొదుపు సంఘం లీడరు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, బడిలో పిల్లల టీచరు ఇంట్లో ఏం జరిగేదో చూసినవాళ్లు. వీళ్లు బంధువులు కాదు కాబట్టి వీళ్ల మాటకు విలువెక్కువ. ఫోన్ రికార్డులు, సీసీ కెమెరా దృశ్యాలు ఎల్లకాలం ఉండవు. వకీలు ద్వారా కోర్టులో పిటిషన్ వేసి వాటిని భద్రపరచమని అడగాలి.

ఇంట్లో పిల్లవాడే ప్రత్యక్ష సాక్షి అయిన కేసులు తక్కువేమీ కాదు. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఇద్దరూ ఆ పసివాడికి పాఠం చెప్పాలని చూస్తారు. చిలకపలుకులు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుబడతాయి, పట్టుబడ్డాక తల్లి కేసే కూలుతుంది. పిల్లవాడు చూసింది చూసినట్టు చెప్పనివ్వడమే ఆమెకు మేలు. నాన్న రోజూ అమ్మను కొట్టేవాడన్న మాట కూడా అందులోనే ఉంటుంది. ఇక అత్తింటివాళ్లకు డబ్బిచ్చి రాజీ చేసుకోవడమంటారా, హత్య కేసు రాజీపడదగ్గ నేరం కాదు. సాక్షిని కొన్నట్టు బయటపడితే కొత్త కేసు.

పగగా కనపడకుండా

హింస చరిత్ర రెండు వైపులా పదునున్న కత్తి. వకీలు దాన్ని సానుభూతి కోసం చదివితే, పబ్లిక్ ప్రాసిక్యూటరు దాన్నే తిప్పి కారణంగా చూపిస్తాడు: ఇన్నేళ్లు కొట్టాడు కాబట్టే కక్షగట్టి చంపింది. ఇదే ఈ కేసుల్లో పెద్ద ఉచ్చు, అనుభవం లేని డిఫెన్స్ ఎక్కువగా పడేది ఇందులోనే. తప్పించుకోవాలంటే గడిచిన దెబ్బల జాబితా చదివి ఊరుకోకూడదు. ఆ చరిత్ర వల్ల ఆ రాత్రి ఆమెకు ఏమి తెలుసో, ఏమి జరుగుతుందని భయపడిందో చూపించాలి. అతను గడియ పెట్టి, లుంగీ ఎగ్గట్టి, టీవీ సౌండు పెంచాడంటే తర్వాత ఏం జరిగేదో బయటివాళ్లకు తెలియదు, ఆమెకు తెలుసు. పోయినసారి ఇలాగే మొదలై మూడు కుట్లతో ముగిసిందని ఆసుపత్రి చీటీ చెబుతుంది. పాత గాయం ఇక్కడ పగకు కారణం కాదు, ఆ నిమిషపు భయానికి రుజువు.

ఇల్లు వదిలి ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘ఎక్కడికి వెళ్తుంది’ అని నిట్టూర్చడం జవాబు కాదు. వెళ్లిన సందర్భాలు, వెనక్కి తెచ్చి దింపిన తేదీలు, పుట్టింటికొచ్చి చేసిన బెదిరింపులు, పిల్లల్ని లాక్కుంటానన్న మాటలు, ఆమె పేర చిల్లిగవ్వ లేకపోవడం జవాబు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక, సురక్షా సంహిత 351వ సెక్షన్ కింద జడ్జి ముద్దాయినే నేరుగా అడుగుతాడు. అన్నిటికీ ‘తెలియదు, అబద్ధం’ అనడం కోర్టుల్లో అలవాటు. ఆత్మరక్షణ వాదన ఉన్నవాళ్లకు ఆ అలవాటు చేటు. అక్కడ లేనే లేనన్న మనిషి, ప్రాణభయంతో కొట్టానని కూడా అనలేదు. ఏ మాట చెప్పాలో మొదటి నెలలోనే తేల్చుకుని చివరిదాకా దానిమీదే నిలబడాలి.

తీర్పు తర్వాత

నేరం 105 కిందకో, హత్యాయత్నం కిందకో వస్తే అప్పుడు శిక్ష మీద వాదనకు నిజంగా చోటుంటుంది. సురక్షా సంహిత 258వ సెక్షన్ ప్రకారం శిక్ష వేసే ముందు ముద్దాయి మాట వినాలి. అదే పూట ముగించకుండా వాయిదా అడిగి, మానసిక వైద్యుడి నివేదిక, జైలు ప్రవర్తన, పిల్లల పరిస్థితి, పైన చెప్పిన తేదీల వరుస కాగితం మీద పెట్టాలి. మరొకరి ఆధిపత్యం కింద, తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నేరం చేయడాన్ని 1980 నాటి బచన్ సింగ్ తీర్పు మరణశిక్ష సందర్భంలో శిక్ష తగ్గించే కారణాలుగా గుర్తించింది. చిన్న శిక్షల దగ్గరా ఆ తర్కాన్ని వాడుకోవచ్చు. ముద్దాయి వయసు పద్దెనిమిది లోపు అయితే దారే వేరు. తండ్రి హింస భరించలేక ఎదురుతిరిగిన కుర్రాడిని 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద చూస్తారు, విడుదలకు అవకాశమే లేని యావజ్జీవం గానీ, మరణశిక్ష గానీ వేయడానికి వీల్లేదు.

సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు గడువు అరవై రోజులు. జైలు సూపరింటెండెంట్ ద్వారా కూడా పంపవచ్చు. అప్పీలుతోపాటే శిక్ష నిలిపి బెయిలివ్వమని అడగాలి. హింస గురించిన సాక్ష్యం కింది కోర్టులో రాకపోతే, దాన్ని అదనపు సాక్ష్యంగా తీసుకోమని కోరే వీలుంది గానీ, అప్పుడెందుకు తేలేదన్న ప్రశ్నకు గట్టి జవాబు ఉండాలి.

అన్నీ అయిపోయాక మిగిలేవి శిక్ష తగ్గింపు, క్షమాభిక్ష. రాష్ట్ర ప్రభుత్వం సురక్షా సంహిత 473వ సెక్షన్ కింద శిక్ష తగ్గించవచ్చు, కానీ హత్యకు యావజ్జీవం పడినవాళ్లు పద్నాలుగేళ్లు జైల్లో ఉండి తీరాలని 475 అడ్డు పెడుతుంది. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరుకున్న అధికారానికి ఈ అడ్డు లేదు. మంత్రివర్గం సలహా మీద ఆయన ఎప్పుడైనా తగ్గించవచ్చు. గణతంత్ర దినోత్సవం లాంటి సందర్భాల్లో వచ్చే ప్రత్యేక జీవోలు ఈ దారిలోవే. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై మందికి పైగా మహిళా జీవిత ఖైదీల విడుదలకు ఉత్తర్వులిచ్చింది. నిబంధనలకు సరిపోయే ఖైదీల పేర్లను, వాళ్లు అర్జీ పెట్టకపోయినా ప్రభుత్వాలే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రాజమండ్రి జైల్లో గానీ, చంచల్‌గూడ జైల్లో గానీ ఉన్న మనిషి పేరు జాబితాలో ఉందో లేదో కుటుంబం వెళ్లి కనుక్కోవడమే క్షేమం.

అర్జీలో ఏముండాలో, ఏముండకూడదో చెప్పడానికి మన గడ్డ మీదే ఒక తీర్పుంది. ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఇచ్చిన ఒక శిక్ష తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు ఏపూరు సుధాకర్ కేసులో కొట్టేసింది. ఆ ఖైదీ మంచి పార్టీ కార్యకర్త అన్న సంగతి ఫైల్లో కారణంగా కనిపించడమే అందుకు మూలం. సంబంధం లేని కారణాలతో ఇచ్చిన క్షమాభిక్షను కోర్టులు సమీక్షిస్తాయని అందులో తేల్చింది. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద సిఫారసు తెస్తే పని అయిపోతుందనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నానావతికి 1964లో మహారాష్ట్ర గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష దొరికింది. ఆయన నౌకాదళ కమాండరు, వెనక పత్రికలున్నాయి, పలుకుబడి ఉంది. అవేవీ లేని మనిషికి ఉన్నది కాగితమే.

గవర్నరు పేరున రాసే అర్జీ నాలుగైదు పేజీలు దాటకూడదు. ముందు కేసు నంబరు, తీర్పు తేదీ, ఇప్పటికి గడిచిన శిక్షాకాలం. తర్వాత హింస చరిత్ర, ప్రతి సంఘటన పక్కన అనుబంధం నంబరు. తీర్పులోనే జడ్జి ఆ హింసను ఒప్పుకున్న వాక్యాలుంటే వాటిని పేరా నంబరుతో ఎత్తి చూపాలి. జైల్లో నేర్చుకున్న పని, చదువు, పెరోల్‌కు వెళ్లి గడువుకు తిరిగొచ్చిన రికార్డు, విడుదలయ్యాక ఎవరింట్లో ఉంటుంది, బతుకుతెరువేమిటి అన్నవి ఆ తర్వాత. మృతుడి తల్లిదండ్రుల దుఃఖాన్ని కించపరిచే మాట ఒక్కటీ ఉండకూడదు, వాళ్ల అభిప్రాయం కూడా ప్రభుత్వం అడగవచ్చు. జరిగిన దానికి పశ్చాత్తాపం చెప్పుకోవడం, జరిగిన హింసను దాచకపోవడం రెండూ ఒకే అర్జీలో ఇముడుతాయి. దాన్ని జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపి, ఒక ప్రతి హోంశాఖకు రిజిస్టర్డ్ పోస్టులో వేసి, అక్నాలెడ్జిమెంటు కార్డు దాచుకోవాలి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగాలి. పరిస్థితులు మారినప్పుడు, ఉదాహరణకు ఆరోగ్యం క్షీణించినా, పిల్లలను చూసే అమ్మమ్మా తాతయ్యలు కన్నుమూసినా, కొత్త వైద్య నివేదిక వచ్చినా, ఆ మార్పును ముందు పెట్టి మళ్లీ అర్జీ వేసుకోవచ్చు. జవాబు ఏళ్ల తరబడి రాకపోతే, ఫలానా గడువులోగా నిర్ణయం తీసుకోమని ఆదేశించాలని హైకోర్టులో రిట్ వేయవచ్చు, దానికీ లీగల్ ఎయిడ్ ఉంది.